గోష్ఠీ బలము – మద్యవిముక్తి

శ్రీవైష్ణవ సంప్రదాయంలో గోష్ఠికి గల గౌరవం మిక్కిలి గొప్పది. గోదాదేవి తిరుప్పావైలో శ్రీకృష్ణుని సన్నిధికి తానొక్కతెయే పోలేదు. ముప్పది పాశురాలలో ఆరవది మొదలు పదునైదవది వరకు గల పదింటిని నిద్రించుచున్న చెలులను మేల్కొలుపుటకే వినియోగించినది. భగవదనుభవం పదిమందితో కలిసి పొందదగినదని పెద్దలు దీనికి తాత్పర్యం చెప్పుదురు. పడినవాడు లేచుటకును ఇదియే మార్గం. మద్యవ్యసనంలో చిక్కుకొన్నవారి విషయంలో ఈ సత్యం ఎట్లు అన్వయించునో విచారింతము.

మన ఇండ్లలో తరచు కనిపించు విషయమొకటి కలదు. ఏడాది పొడవునా త్రాగువాడు మాల ధరించి 41 దినాలు మద్యం ముట్టడు. ఇంటిల్లిపాదీ సంతోషింతురు. మాల తీసిన కొలది దినాలకే సీసా మరల ఇల్లు చేరును. “దేవునికిచ్చిన మాటయే తప్పినాడు, ఇక వీనికి గతి లేదు” అని బంధువులు నిందింతురు. అతడును అట్లే తలచి మరింత త్రాగును. ఇక్కడ విచారింపవలసినది దీక్ష అనంతరం ఏల చెడెనని మాత్రమే కాదు, అన్ని దినాలు ఎట్లు నిలిచెనని. ఇరుపూటల భజన, తోటి దీక్షాపరుల సహవాసం, కలిసి భుజించుట, “స్వామీ” అను గౌరవపు పిలుపు అతనిని కాపాడినవి. మాలతోపాటు ఆ గోష్ఠియు తొలగినది. సంకల్పం అతనిదే, దానిని నిలిపినది గోష్ఠి.

ఈ సత్యమునే 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఇరువురు వ్యసనపరులు తమ అనుభవంతో గ్రహించినారు. బిల్ విల్సన్ న్యూయార్కులో షేర్ల వ్యాపారమెరిగినవాడు. కొన్ని నెలలుగా మద్యం మానియుండి, వ్యాపార నిమిత్తం ఏక్రన్ వచ్చి, అది ఫలింపక కలత చెందినాడు. మరల త్రాగవలెనను కోరిక కలుగగా, తన వంటి మరియొక వ్యసనపరునితో మాటలాడినచో నిలువగలనని తలచి వెదకినాడు. అట్లు దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. ఆ వైద్యుడు త్రాగుట మానిన 1935 జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సంఘం తన జన్మదినంగా పాటించుచున్నది. మానవలెనను కోరిక తప్ప అందు చేరుటకు వేరొక అర్హత అక్కరలేదు, రుసుము లేదు. భగవంతుని ఎవరికి తోచిన రూపంలో వారు తలచుకొనవచ్చును.

తన బలం చాలదని ఒప్పుకొనుట ఆ సంఘపు పండ్రెండు మెట్లలో మొదటిది. శరణాగతి అంగాలలో కార్పణ్యమని మన ఆచార్యులు చెప్పినది ఇట్టి దైన్యమునే. కావున వైష్ణవుడు ఇట్టి సమావేశానికి పోవుట స్వధర్మానికి విరుద్ధం కాదు.

అయితే తగిన గోష్ఠిని ఎట్లు గుర్తింపవలెను? మొదటి దినమే మనసు కుదరలేదని విడువరాదు. ఒక్కొక్క సమావేశపు తీరు ఒక్కొక్క విధంగా ఉండును. ఐదారు సమావేశాలు చూచి నిర్ణయించుకొనుట మేలు. బహిరంగ సమావేశానికి కుటుంబసభ్యులును పోవచ్చును. ఆంతరంగిక సమావేశం వ్యసనపరులకు మాత్రమే. తన భాషలో మనసు విప్పగలుగుట, త్రాగుడు పిలుచు సాయంసమయంలో అది జరుగుట, రాకపోకలకు అనువుగా నుండుట ముఖ్యం. స్త్రీలు తమకు ప్రత్యేకించిన సమావేశమున్నదేమో విచారించుకొనవలెను. దూరమున్నవారికి ఫోను ద్వారా కలుసుకొను సమావేశాలును కలవు.

అక్కడ విన్నది గడప దాటరాదు. ఏండ్ల తరబడి మానినవారును, నిన్న మానినవారును సమానంగా కూర్చొనవలెను. మరల పడి వచ్చినవానిని ఎగతాళి చేయరాదు. వైద్యుడిచ్చిన మందు మానుమనువారు, అద్భుతౌషధం అమ్మజూపువారు, అప్పులడుగువారు ఉన్నచో అది తగిన చోటు కాదు.

ఒక హెచ్చరిక. చిరకాలం ఎక్కువగా త్రాగినవారు దీక్ష పేరిట ఒక్కసారిగా మానినచో రెండు మూడు దినాలలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును ఉండును. అట్టివారు ముందుగా వైద్యుని చూడవలెను. సలహాకు ప్రభుత్వపు ఉచిత ఫోను 14446, మానసిక సహాయానికి 14416 కలవు.

త్రాగువాని ఇల్లాలును, బిడ్డలును ఒంటరివారే. వారికొరకు 1951లో అల్-అనాన్ అను కూటమి వేరుగా ఏర్పడినది. అతని త్రాగుడుకు తాము కారణం కాదని, దానిని దాచుట తమ విధి కాదని అక్కడ తెలిసికొందురు.

విప్రనారాయణుడు దేవదేవి వ్యామోహంలో పడినను శ్రీరంగనాథుడు విడువలేదు. లేచిన పిమ్మట ఆయన ధరించిన నామం తొండరడిప్పొడి, అనగా భక్తుల పాదధూళి. పడినవాడు భక్తుల నడుమ చోటు వెదకికొనెను, ఆళ్వారులలో ఒకడయ్యెను. మన ఇంట పడినవానికిని తగిన గోష్ఠి లభించునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించుగాక! ఆ గోష్ఠి వాకిటి వరకు తోడు వెళ్ళుట మన కైంకర్యం.