ఖైదీ శ్రమకు వెల

సూరత్ నగరం వజ్రాల సానకు ప్రసిద్ధి. నగర సమీపమున ఉన్న లాజ్‌పోర్ కేంద్ర కారాగారంలోను ఖైదీలు వజ్రాలకు సానపట్టే పని చేస్తున్నారు. గోడకు వెలుపల ఈ శ్రమకు కూలి ఉన్నది. మరి గోడకు లోపల?

శిక్ష పడినంత మాత్రాన పౌరుని ప్రాథమిక హక్కులన్నీ అంతరించవని సుప్రీంకోర్టు 1974లో స్పష్టం చేసింది. విశాఖపట్నం కేంద్ర కారాగారపు గోడపై అమర్చిన విద్యుత్తు తీగను ఖైదీలు ప్రశ్నించిన వ్యాజ్యమది. వారు గెలువలేదు, సూత్రం మాత్రం నిలిచింది. 1979లో, సాటి ఖైదీ అనుభవించిన హింసను గూర్చి తీహార్ జైలు నుండి సునీల్ బాత్రా వ్రాసిన లేఖపైననే ఆ న్యాయస్థానం విచారణ జరిపి తీర్పు చెప్పింది.

రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. జైలు పనికి కూలి ప్రశ్న దీనితో ముడిపడినది. గుజరాత్ హైకోర్టు తీర్పుపై ఆ రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేయగా, 1998 సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను తేల్చింది. కఠిన కారాగార శిక్ష పడినవారిచే పని చేయించుట చట్టసమ్మతమే. కాని న్యాయమైన వేతనం చెల్లించవలెను. తిండికి, బట్టలకు అయిన ఖర్చును అందులో మినహాయించుకొనవచ్చును. కొంత భాగాన్ని నేరబాధితుల పరిహారమునకు కేటాయించుటకు చట్టం చేయవలెనని కూడ సూచించింది.

ఈ చివరి సూచన గమనింపదగినది. ఖైదీ హక్కును కాపాడుటతోపాటు బాధితుని నష్టమును కూడ న్యాయస్థానం తలచినది. ఇంటికి నాలుగు రూపాయలు పంపగలిగిన ఖైదీకి, విడుదలైన నాడు ఆ ఇంటి గడప పరాయిది కాదు.