చామంతికి హార్మోన్ సీసా ఎందుకు? తల తుంచి చూడండి!

మా మీర్‌పేట్ వైపు పాలీహౌస్ చామంతి రైతులు నన్ను అడిగేది ఒకటే: "మొక్క పొడుగ్గా పోతోంది, కొమ్మలు రావట్లేదు, ఏ మందు కొట్టాలి?"

కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ కిందికి దిగి పక్క చిగుళ్లను ఆపుతుంది. నాటిన 4 వారాలకు కొన తుంచేస్తే ఆ అదుపు పోయి పక్క కొమ్మలు వస్తాయి. పూత మాత్రం రాత్రి పొడవును బట్టి వస్తుంది. రాత్రంతా బల్బు వెలిగితే మొగ్గ ఆలస్యమవుతుంది.

డామినోజైడ్ కొడితే మొక్క పొట్టిగా ఉంటుంది, నిజమే. కానీ ఎన్‌పీఓపీ సేంద్రియ ప్రమాణాల్లో కృత్రిమ హార్మోన్లకు చోటు లేదు. కొడితే సర్టిఫికెట్‌కే ఎసరు.

తుంచే పద్ధతి కింది వీడియోలో చూపించాను. ముందు ఒక్క వరుసలో తుంచి, తుంచని వరుసతో పోల్చి చూడండి.