కంప్యూటరు జమాబందీ

విద్యుత్తు హఠాత్తుగా పోయి తిరిగి వచ్చిన పిదప కంప్యూటరు ఒక్కొక్కప్పుడు వెంటనే పనికి పూనుకొనదు. నల్లని తెరపై అంకెలు నడచుచుండగా తన దస్త్రములను తానే తనిఖీ చేసికొనును. తొందరపడి మరల స్విచ్చి కట్టివేయువారు కలరు. ఆ తనిఖీ ఏమో తెలిసినచో అట్లు చేయరు.

డిస్కులో మన వ్రాత ఒకటి, ఆ వ్రాత ఎక్కడ ఉన్నదో తెలుపు లెక్క మరియొకటి. యూనిక్సు, లినక్సు పద్ధతులలో ప్రతి ఫైలునకు 'ఐనోడు' అను పట్టీ ఉండును. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, ఏ గడులలో ఉన్నది అనునవి అందుండును. పేరు మాత్రము డైరెక్టరీలో ఉండును. ఖాళీ గడుల లెక్క వేరొకచోట నుండును. ఒకటి మారి మరియొకటి మారకముందే విద్యుత్తు పోయినచో, నిండిన గడిని ఖాళీ అని లెక్క చెప్పవచ్చును. అప్పుడు ఒక ఫైలుపై వేరొకటి వ్రాయబడును.

లెక్కను లెక్కతో సరిచూచుట మన సత్యవేడు వారికి క్రొత్త కాదు. ఈ ప్రాంతము 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా నుండి చిత్తూరు జిల్లాలో చేరినది. 1984లో కరణముల పదవులు రద్దగు వరకు, వారు అడంగలు మొదలగు గ్రామ లెక్కలను ఏటేట జమాబందీకి తెచ్చెడివారు. 'జమా' అర్థమును మన ఉర్దూ మిత్రులకు చెప్పనక్కరలేదు.

యూనిక్సులో ఈ జమాబందీ చేయు ప్రోగ్రాము పేరు ఎఫ్‌ఎస్‌సీకే. లినక్సులోని ఎక్స్‌ట్ పద్ధతులకు ఇది ఐదు విడతలుగా సాగును: మొదట ఐనోడులు, గడులు, పిదప డైరెక్టరీలలోని పేర్లు, ఆపైన ప్రతి డైరెక్టరీకి మూలము నుండి దారి కలదా అని, తరువాత ఒక్కొక్క ఫైలునకు ఎన్ని పేర్లు కలవో, తుదకు ఖాళీల మొత్తము. పేరు పోయి పట్టీ మిగిలిన ఫైళ్లను 'లాస్ట్ అండ్ ఫౌండ్' అను డైరెక్టరీలో చేర్చును. అచ్చట వానికి ఐనోడు సంఖ్యయే పేరు. తెరచి చదివినగాని ఏది ఎవరిదో తెలియదు. వ్రాత సాగుచున్న డిస్కుపై దిద్దుబాటు చేసినచో ఉన్నదియు చెడును గనుక, వ్రాయుటకు అనుమతింపక ముందే, ప్రారంభముననే ఇది జరుగవలెను.

2001లో లినక్సులో చేరిన ఎక్స్‌ట్3 పద్ధతి, వర్తకుని చిట్టావలె, మార్పులను ముందుగా ఒకచోట వ్రాసి పిదప ఖాతాకెక్కించును. అందువలన గంటల పని క్షణములకు దిగినది. కాని సాధారణముగా ఆ చిట్టాలో చేరునది లెక్కయే, మన వ్రాత కాదు.

జమాబందీ వేరు, పొలమునకు పోయి పైరును చూచు అజమాయిషీ వేరు. ఎఫ్‌ఎస్‌సీకే అజమాయిషీ చేయదు. 'క్లీన్' అని తేల్చిన డిస్కులో విద్యార్థి ప్రాజెక్టు వ్యాసము సగమే ఉండవచ్చును. ప్రతి ప్రశ్నకు చదువకయే 'వై' నొక్కినచో ఉన్న సగమును పోవచ్చును. డిస్కే పాడగుచున్నదని అనుమానమున్నచో, దిద్దుబాటుకు పూర్వమే దాని మొత్తమును వేరొక డిస్కునకు నకలు తీసి, ఆ నకలుపై తనిఖీ నడుపవలెను.