చెరువులో చేప జాడ

మదనపల్లెకు సమీపమున నిమ్మనపల్లె యను గ్రామము కలదు. మదనపల్లె సీమ సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్న మెట్టభూమి. ఎటు చూచినను గుట్టలు. గుట్టల నడుమ చెరువులు, కుంటలు. బాహుదానది యీ సీమలోనే పారి చెయ్యేటిలో కలియును; చెయ్యేరు పెన్నలో చేరును. నిమ్మనపల్లె చెంత బాహుదపై ఒక జలాశయము నిర్మింపబడినది. వానలు కురిసిన యేడు చెరువులు నిండి కట్టలను తాకును. వానలు తప్పిన యేడు వేసవి రాకమునుపే నేల బీటలు వారును. ఇట్టి సీమలో నీటి విలువ యెరుగనివాడు లేడు. నీటితోపాటు నీటిలోని చేప విలువయు నిచ్చటివారికి తెలియును.

చేప కంటికి కనబడదు. చెరువు పైభాగము అద్దమువలె నిశ్చలముగా నుండును. అయినను అనుభవముగలవాడు గట్టుపై నిలిచి ఒకచోటు చూపి, “ఇచ్చట చేప యున్నది” అని చెప్పగలడు. అది మంత్రము కాదు. చేపకు కావలసిన దేమో యాతనికి తెలియుటయే దానికి కారణము. ప్రతి ప్రాణికిని వలెనే చేపకును మూడు కావలెను: ఊపిరి, ఆహారము, చాటు. ఈ మూడును దొరకుచోటనే చేప యుండును.

వీనిలో మొదటిది ఊపిరి. నీటిలో కరగియున్న ప్రాణవాయువును చేప తన మొప్పలద్వారా గ్రహించును. చల్లని నీటిలో ఈ వాయువు ఎక్కువగాను, వేడినీటిలో తక్కువగాను కరగును. గడ్డకట్టుటకు సిద్ధముగా నున్న ఒక లీటరు మంచినీటిలో సుమారు 14 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడి యుండగలదు. 30 డిగ్రీల వేడిగల నీటిలో అందు సగము మాత్రమే ఇముడును. కావున వేసవిలో చెరువు కుంచించుకొనిపోయి, మిగిలిన నీరు కాగినపుడు చేపలకు ఊపిరాడదు. వేకువజామున అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండును. రాత్రియంతయు నీటిమొక్కలకు వెలుగు లేక వాయువు పుట్టకుండుటయే దీనికి కారణము.

కొరమీను మాత్రము ఇందుకు భిన్నమైనది. పాము తలవంటి తల, నల్లని వీపు, పొడవైన దేహము గల ఈ చేపకు మొప్పలే కాక తలలో గాలిని పీల్చుకొను ప్రత్యేకమైన యరలు కూడ కలవు. అది అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలిని గ్రుక్కెడు పీల్చి మరల మునుగును. అందువలన బురదకుంటలోనైనను బ్రదుకగలదు. చెరువెండినపుడు తడిబురదలో దాగి వాన రాకకై యెదురుచూడగలదు. తడినేలపై ప్రాకి మరియొక కుంటను చేరగలదు. కరవుసీమకు తగిన చేప యిది. తెలంగాణ రాష్ట్రము దీనినే తన రాష్ట్రమత్స్యముగా నెంచుకొన్నది.

అయితే దాని బలమే దాని జాడను పట్టి యిచ్చును. గాలికై పైకి వచ్చినపుడు నీటిపై చిన్న సుడి యేర్పడును. నాలుగు బుడగలు తేలును. తుంగపొదల ప్రక్కను, తామరాకుల క్రిందను, మోకాలిలోతు నీటిలో ఈ గురుతులను కనిపెట్టినవాడు గాలమునకు వానపామునో, చిన్న కప్పనో గ్రుచ్చి మెల్లగా జారవిడుచును. బెండు కదలునంతవరకు కదలక మెదలక యుండును. కొందరు అడుగులేని వెదురుబుట్టయగు ఊతను లోతులేని నీటిలో మూసి, పైనున్న రంధ్రముగుండ చేయి పెట్టి చేపను పట్టుదురు. లోతుగల చోట విసురువల వేయుదురు. పనిముట్లు వేరైనను మూలము ఒక్కటే: ముందు చేప బ్రదుకును తెలిసికొనవలెను, తరువాతనే చేయి చాపవలెను.

ఈ సూత్రము వేడిసీమకు మాత్రమే చెందినది కాదు. భూమికి ఆవలివైపున, అమెరికాదేశపు ఉత్తరభాగమున, శీతకాలములో సరస్సులు పైన గడ్డకట్టును. నీరు 4 డిగ్రీలవద్ద మిక్కిలి బరువుగా నుండి అడుగునకు చేరును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయై పైకి వచ్చి మంచుగడ్డగా మారును. కనుకనే గడ్డ క్రింద నీరు నీరుగానే యుండును. చేపలు చావక బ్రదుకును. మిసిసిపి మహానదికి ఇరుప్రక్కల ప్రవాహవేగము సోకని లోతులేని మడుగులు కలవు. క్రాపీ యను చేపలు గుంపులుగా అచ్చటికి చేరును. గడ్డ కనీసము 10 సెంటీమీటర్ల మందము కట్టినదని నిశ్చయించుకొని జనులు దానిపై నడచి, పెద్ద బరమాతో రంధ్రము తొలిచి, చిన్న గాలము దింపుదురు. క్రాపీ తనకంటె పైనున్న యెరనే చూచి అందుకొను స్వభావము గలది. కావున ఎరను చేపకంటె కొంచెము పైగా నిలుపుదురు.

అచ్చటను ఊపిరి సమస్యయే ముఖ్యము. గడ్డపై దట్టముగా హిమము పేరుకొన్నచో వెలుగు లోనికి పోదు. మొక్కలు వాయువును పుట్టింపజాలవు. శీతకాలము ముగియుటకు ముందు లోతులేని మడుగులలో ప్రాణవాయువు తరిగిపోవును. అప్పుడు చేపలు మంచినీటి జాడ వెదకుకొనుచు కదలును, కదలలేనివి చచ్చును. నిమ్మనపల్లె కుంటలో ఎండ చేసెడి పనిని అచ్చట మంచు చేయుచున్నది.

చేపలు పట్టుట మన దక్కను దేశమున ప్రాచీనమైన విద్య. పన్నెండవ శతాబ్దమున కల్యాణి నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృతగ్రంథమును రచించెను. అందు చేపల జాతులను, వాని నివాసములను, వానికి వేయదగిన యెరలను వర్ణించెను. రాజు సైతము గాలము పట్టుటకు ముందు చేపను చదివెనన్నమాట.

ఇంతవరకు చెప్పినది చేపను కనుగొను నేర్పు. ఇంతకంటె గొప్ప నేర్పు మరియొకటి కలదు. దానిని తెలిసికొనుటకు ఒక దృశ్యమును ఊహింతము.

తొలకరి వానలకు చెరువులో క్రొత్తనీరు చేరినది. ఒక వృద్ధుడు మనుమని వెంటబెట్టుకొని గట్టు వెంబడి నడచుచున్నాడు. తుంగపొదల నడుమ నీటిపై ఎఱ్ఱని మచ్చ యొకటి కుతకుతలాడుచు కనబడినది. బాలుడు ఆశ్చర్యముతో, “జేజినాయనా, అదేమి?” అని యడిగెను.

“కొరమీను పిల్లలు, నాయనా. వేలకొలది చేరి తిరుగుచున్నవి. తల్లిదండ్రులు క్రిందనే యుండి కాచుచుండును.”

“అయితే గాలము వేయుము! పెద్దచేప తప్పక దొరకును.”

“దొరకును. ఆ గుంపు నడుమ కప్పను లాగితిమా, అది వెంటనే కరచును. ఆకలిచే కాదు, పిల్లల జోలికి వచ్చినదని కరచును. దానిని నేను పట్టుకొనిపోయిన యెడల ఈ పిల్లల గతి యేమి?”

బాలుడు మరల నీటివైపు చూచెను. కొంచెము దూరమున ఒక కప్ప నిశ్చలముగా పొంచియున్నది. దానికి ఆవల తెల్లని కొంగ యొకటి ఒంటికాలిపై నిలిచియున్నది. అతడు తాత చేతిలోని గాలమును తానే చుట్టి సంచిలో పెట్టెను.

ఆ వృద్ధుని మాటలో దయయే కాదు, లెక్కయు నున్నది. మనము చెరువులలో పెంచు బొచ్చె, శీలవతి, మోసు మొదలగు చేపలు పారునీటి చేపలు. నిలువనీటిలో అవి సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు మందు నెక్కించి వానిచే గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించెను. నాటినుండి వాని పిల్లలను కేంద్రములలో పుట్టించి చెరువులలో వదలుట సాధ్యమైనది. ఆ చేపలను పట్టివేసినను మరల తెచ్చి వదలవచ్చును. కొరమీను అట్లు కాదు. అది కలుపును తొలగించి, నీటిపై గూడువంటి చోటు చేసికొని, ఆ చెరువులోనే గ్రుడ్లు పెట్టి, కొన్ని వారములు కాచి, తన సంతతిని తానే నిలుపుకొనును. కాపలా చేపను పట్టినవాడు ఒక చేపను కాదు, రాబోవు ఏటి చేపలనన్నిటిని పట్టినవాడగును.

వేసవిలో మిగిలిన కడపటి మడుగు విషయమును అట్టిదే. ఎండనున్న నీటిలోని చేపలను పట్టుట తప్పు కాదు. పట్టకున్నను అవి చచ్చును. అయినను మిక్కిలి లోతైన గుంటను విడిచిపెట్టుట వివేకము. రైతు ఎంత కరవులోనైనను విత్తనపుగింజలను వండుకొనడు గదా! ఇక నీటిలో విషము కలుపుట, మందుగుండు ప్రేల్చుట హేయమైన కార్యములు. అవి పిల్లను పెద్దను ఒక్కటిగా చంపును. 1897లో చేయబడిన భారత మత్స్యశాసనము వానిని నేరములుగా నిర్ణయించెను. అంతకు రెండువేల సంవత్సరములకు పూర్వమే అశోకచక్రవర్తి తన అయిదవ స్తంభశాసనమున, కొన్ని నియమిత దినములలో చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు ఆజ్ఞాపించెను.

చేప పిల్లలను కాచునపుడు మిక్కిలి సులభముగా చిక్కును. నీరు తరిగి ఊపిరాడనపుడును సులభముగా చిక్కును. మంచు క్రింద చిన్న మడుగున గుంపుగూడినపుడును అంతే. చేప మనకు చిక్కు సమయము తరచుగా దానికి మిక్కిలి కష్టసమయమై యుండును. కనుక జాడ తెలిసినవానికి రెండు పనులు తెలియవలెను: ఎప్పుడు గాలము వేయవలెనో తెలియవలెను, ఎప్పుడు దానిని చుట్టి సంచిలో పెట్టవలెనో అదియు తెలియవలెను. మొదటిది నేర్పు. రెండవది వివేకము. ఈ రెండును గలవాని ఊరి చెరువులో, మరల వాన కురిసిన యేట, తుంగపొదల నడుమ ఆ యెఱ్ఱని మచ్చ మరల కనబడును.