అక్క ఆస్తి ఎవరికి?

ప్రశ్న: మా అక్క పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా చనిపోయింది. బావ అంతకుముందే పోయారు. నాన్న నుంచి వచ్చిన ఎకరం పొలం, తన జీతంతో కొన్న ఇల్లు ఉన్నాయి. బావ తమ్ముళ్లు రెండూ తమవే అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం తండ్రి వారసులకే చెందుతుంది. సొంతంగా కొన్న ఇల్లు మాత్రం భర్త వారసులకు వెళ్తుంది, కన్నతల్లి బతికున్నా సరే. నా దృష్టిలో ఇది అన్యాయమే. కానీ సుప్రీంకోర్టు 2009లో చట్టం ఇంతేనని తేల్చింది.

ఒక మెలిక ఉంది. ఆ ఎకరాన్ని నాన్న పసుపు కుంకుమల కింద గిఫ్టు డీడు రాసి ఇచ్చి ఉంటే అది వారసత్వం కిందకు రాదు, అదీ భర్త వారసులకే పోతుంది. ముందు ఆ దస్తావేజు తీసి చూడండి.