నప్పే రంగు

గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపల్లెల్లో మిరపకోతల కూలిడబ్బు చేతికందినప్పుడే చాలా ఇళ్లలో కొత్తబట్టల ఆలోచన మొదలవుతుంది. అటువంటి ఒక ఇంటి బాలిక తల్లితో కలిసి బట్టల దుకాణానికి వెళ్లిందనుకుందాం. ఆమెది చామనఛాయ. మిరపపండు రంగు గుడ్డపై ఆశగా చేయి వేసింది. పక్కనున్న పెద్దావిడ, “అమ్మాయ్! నీ ఛాయకు అది నప్పదు. లేతరంగు ఏదైనా చూసుకో” అన్నది. బాలిక చేయి వెనక్కు తీసుకున్నది.

ఇది పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఏడాదికి ఒకటి రెండు జతలు మాత్రమే కొనగలిగిన కుటుంబంలో ఎంపిక చిన్న విషయం కాదు. పైగా ఆ మాట గుడ్డను గురించి చెప్పినట్లు వినిపించినా, మనిషి మేనిఛాయపై ఇచ్చిన తీర్పు అందులో దాగి ఉన్నది. ఆ తీర్పులో నిజమెంతో విద్యార్థులు ఆలోచించాలి.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని వేరుగా చూశారు. శ్రీకృష్ణుడు నల్లనివాడు, ఆయన కట్టినది పసుపుపచ్చని పట్టువస్త్రం. అందుకే పీతాంబరుడు. బలరాముడు తెల్లనివాడు, ఆయన కట్టినది నల్లని వస్త్రం. అందుకే నీలాంబరుడు. ఈ రెండు పేర్లనూ అమరకోశం పేర్కొన్నది. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె మేనిఛాయను బట్టి వచ్చినదే. నలుపును దాచవలసిన లోపంగా కాక, పక్కనున్న వన్నెకు వెలుగునిచ్చే గుణంగా ఆ కల్పన భావించింది.

దీనికి శాస్త్రాధారం కూడ ఉన్నది. 1824లో పారిస్ నగరంలోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకం విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధిపతి అయ్యాడు. అక్కడి నల్లదారం వెలవెలపోతున్నదని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూస్తే దారంలో గాని, అద్దకంలో గాని దోషం లేదు. దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్లనే నలుపు పేలవంగా కనిపిస్తున్నదని తేలింది. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాని రూపాన్ని మరొకటి మారుస్తాయన్న ఈ సిద్ధాంతాన్ని ఆయన 1839లో గ్రంథరూపంలో ప్రకటించాడు. కనుక ఏ రంగూ దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని పొరుగును బట్టి దాని అందం. మనిషి ధరించిన గుడ్డకు మొదటి పొరుగు ముఖమే.

ఈ నేలకు గాఢమైన ఎరుపు కొత్త కాదు. నేటి నిజాంపట్నాన్ని పూర్వం పాశ్చాత్య వర్తకులు పెటపోలి అన్నారు. 17వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చివారు, ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థావరాలు ఏర్పరచుకున్నారు. చిరివేరు అనే మొక్క వేళ్లనుండి తీసిన ఎరుపు ఆ ప్రాంతపు వస్త్రాలకు పేరు తెచ్చింది. 1868లో జర్మనీలో ఇటువంటి ఎరుపును ప్రయోగశాలలో తయారుచేసిన తరువాత వేళ్ల రంగులకు క్రమంగా గిరాకీ తగ్గింది. నూలును నూనెలో, బూడిద నీటిలో నానబెట్టి నేసే చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యాయి. వాటిలో ప్రధానమైనవి మూడే రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. నలుపు పక్కన ఎరుపు వెలవెలపోదని, నిండుగా నిలుస్తుందని ఆ నేతగాళ్లకు తెలుసు.

రంగును ఎన్నుకోవడంలో రెండు మార్గాలున్నాయి. ఒకటి వైరుధ్యం, ముదురుఛాయ పక్కన పసుపు, తెలుపు వంటివి. రెండవది సామ్యం, చామనఛాయకు ఇటుకరంగు, గోధుమవన్నెకు గంధంరంగు వంటివి. ఏ మార్గంలోనైనా పరీక్ష ఒక్కటే. గుడ్డను మెడ దగ్గర పట్టుకొని అద్దంలో చూసినప్పుడు చూపు ముఖంపై నిలిస్తే ఆ రంగు నప్పినట్లు. గుడ్డ ఒక్కటే కనిపించి ముఖం వెనక్కు తగ్గితే నప్పనట్లు.

దుకాణంలోని దీపాల వెలుగును నమ్మరాదు. ఆ వెలుగులో ఒక్కటిగా కనిపించిన రెండు రంగులు ఎండవెలుగులో వేరుగా కనిపించవచ్చు. గుడ్డను గుమ్మం దాకా తెచ్చి చూసే పెద్దల అలవాటు చాదస్తం కాదు. మంగళగిరి చీరలో సాధారణంగా బుటాలు ఉండవు. అందువల్ల అంచుకు, నడిమి రంగుకు ఉన్న పొత్తును ప్రత్యేకంగా గమనించాలి. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయిన నెమలికంఠం వంటి వన్నెలను కదిపి చూడాలి. మడతలో ఉన్న రంగు ఒంటిమీద ఉండదు.

చేసే పని, ఋతువు కూడ రంగును నిర్ణయిస్తాయి. తెలుపు, లేతరంగులు ఎండవేడిని తక్కువగా గ్రహిస్తాయి కనుక వేసవికి అనువైనవి. మిరపచేనులో కూలికి వెళ్లే స్త్రీ చీరపై పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటుంది. ఆమె చూసేది రంగును కాదు, ఎండనుండి, ఘాటునుండి రక్షణను. ఆమె కష్టంతో కొనే గుడ్డ కూతురి ముఖంలో సంతోషాన్ని చూపాలి గాని సంకోచాన్ని కాదు.

దుకాణంలోని బాలిక చేయవలసినది స్పష్టమే. ఆ గుడ్డను మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. గుమ్మం దగ్గర ఎండవెలుగులో ముఖం పక్కన పట్టుకొని తల్లికి చూపాలి. నప్పితే కొనవచ్చు, నప్పకపోతే మరొకటి చూడవచ్చు. నప్పనిది గుడ్డ మాత్రమే. ఆమె మేనిఛాయ కాదు.

అర్థాలు
మేనిఛాయ = శరీరపు రంగు
పడుగు = మగ్గంపై నిలువు దారం
పేక = అడ్డదారం
సామ్యం = పోలిక
వైరుధ్యం = భేదం

ప్రశ్నలు
1. పీతాంబరుడు, నీలాంబరుడు అనే పేర్లు రంగుల పొందికను ఎట్లా తెలుపుతున్నాయి?
2. షెవ్రాల్ కనుగొన్న విషయాన్ని వివరించండి.
3. “నీ ఛాయకు అది నప్పదు” అన్న మాటకు మీరు ఏమని సమాధానమిస్తారు?