యంత్రమునకు చూపు

యంత్రమునకు కన్ను అమర్చుట సులభము; చూపు నేర్పుట కష్టము. 2010 నవంబరులో మైక్రోసాఫ్టు సంస్థ కినెక్ట్ అను ఆటపరికరమును విడుదల చేసెను. అది కంటికి కానరాని పరారుణ కాంతిచుక్కలను ఎదుట వెదజల్లును. వస్తువుల దూరమునుబట్టి ఆ చుక్కల అమరిక మారును. కెమెరా ఆ మార్పును సెకనుకు 30 మారులు గ్రహించును. దానినిబట్టి ఏ వస్తువు ఎంత దూరమున ఉన్నదో, ఎటు కదలుచున్నదో తెలియును.

కొలదిదినములలోనే స్పెయిన్ దేశీయుడగు హెక్టర్ మార్టిన్ ఆ పరికరమును కంప్యూటరుతో పనిచేయించు ప్రోగ్రామును వ్రాసి, దాచుకొనక లోకమునకు ఉచితముగా నొసగెను. ఔత్సాహికులు తమ రోబోలకు ఆ కన్నును అమర్చిరి. అవి మనుష్యుని వెంట నడచెను, గోడలను తప్పించుకొనెను.

అయితే తీక్ష్ణమైన ఎండలో ఆ చుక్కలు సూర్యకాంతియందు మరుగుపడును, యంత్రము గ్రుడ్డిదగును. అప్పుడు దానిని ఆపవలసినవాడు మనుష్యుడే.

నేడు ఆ పరికరము తయారగుట లేదు. పంచిపెట్టిన విద్య మాత్రము నిలిచియున్నది.